మెచ్చుకోలు వారం

సోమవారం పొద్దున ఏడింటికి, కూతురు ఇంకా లేవకముందే, తండ్రి వంటింటి అలమర తలుపుకు లోపలివైపు ఒక కాగితం అంటించాడు. టిఫిను దగ్గర నాన్న, జడ వేసేటప్పుడు అమ్మ, బడినుంచి రాగానే నాయనమ్మ, పడుకోబోయే ముందు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. అడుగున ఎర్ర గీత గీసి 'పిల్లకు తెలియకూడదు' అని రాశాడు. ఇదంతా తొమ్మిదేళ్ళ కూతురిని రోజుకు నాలుగుసార్లు మెచ్చుకోవడానికి. ఆదివారం సెలవా అని భార్య అడిగితే, మొదటి వారంలోనే సెలవులేంటని కసురుకున్నాడు.

ఆయన ఫ్యాన్ల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. వచ్చిన ప్రతి ఫ్యానునూ తిప్పి చూస్తాడు, చెవి ఒగ్గి వింటాడు. రెక్క వంగినా, మోటారు గురగురమన్నా ఆపి, తప్పేమిటో విడమరిచి చెప్తాడు. బాగున్నదాన్ని మాత్రం ఒక్క మాటైనా అనకుండా ముందుకు తోసేస్తాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. భార్య వంట గురించి ఆయన పదమూడేళ్ళుగా ఏమీ అనలేదు. అది పొగడ్త అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అంతకుముందు శనివారం నాడు క్లాసు టీచరు పిలిపిస్తే ఆయన ఒక్కడే బడికి వెళ్ళాడు.

"మీ అమ్మాయి నోరు విప్పదండీ. లేపి అడిగితే జవాబు తన కాలరుకి చెప్పుకుంటుంది. బొమ్మ వేస్తుంది, నేను చూసేలోపే బాలేదని తనే కొట్టేస్తుంది. ఇంట్లో పిల్లని మెచ్చుకుంటారా?" అని అడిగింది టీచరు.

"తప్పుంటే చెప్తామండీ."

"తప్పు లేకపోతే?"

"లేకపోతే ఇంక చెప్పడానికేముంటుంది?"

టీచరు హాజరు పుస్తకం మూసింది. "ఇలాగే వదిలేస్తే ఈ పిల్లకి తనకంటూ ఒక మాట లేకుండా పోతుందండీ" అంది.

ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. ఇంట్లో పిల్లని పిచ్చుక అంటారు. మాటలు వచ్చిన కొత్తలో పొద్దస్తమానం వాగుతూ ఉండేదని పెట్టిన పేరు. ఆ వాగుడు ఎప్పుడు ఆగిందో ఆయనకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తన కళ్ళముందే ఆగిపోయింది, తాను చూడలేదు. ఇంటికి వస్తూ దారిలో రెండుసార్లు రోడ్డు పక్కన ఆగిపోయాడు. సోమవారానికల్లా కాగితం తయారైంది.

టిఫిను దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పిచ్చుకా, నువ్వు నీళ్ళు చాలా బాగా తాగుతావమ్మా."

గ్లాసు పిల్ల నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఒక్క చుక్క కింద పడదు. ఇలా తాగేవాళ్ళని నేనెక్కడా చూడలేదు" అని ఆయన ఇంకొంచెం పెంచాడు.

నిన్నటిదాకా ఈ చిక్కులు తీయలేక చస్తున్నానన్న తల్లి, దువ్వెన పట్టుకుని "ఎంత ఒత్తు జుట్టే నీది!" అంది. నాయనమ్మ వంతు సాయంత్రం. అయినా ఆవిడ ఆగలేకపోయింది. "నీలాంటి పిల్ల ఈ ఇంట్లో మళ్ళీ పుట్టదే తల్లీ" అని కళ్ళు తుడుచుకుంది.

పిచ్చుక ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. "నాకేమైంది?" అంది.

"నీకేం కాలేదు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

పిల్ల ముఖం పాలిపోయింది. గ్లాసు కింద పెట్టి, సంచీ తగిలించుకుని బడికి వెళ్ళిపోయింది. పొగడ్త పట్టినట్టే ఉందని తండ్రి లోపల్లోపల సంతోషించాడు.

మంగళవారం పెద్దవాళ్ళు ముగ్గురూ వంటింట్లో గుసగుసలాడుకున్నారు. పిచ్చుక గుమ్మంలో కనపడగానే చప్పున ఆపి నవ్వారు. ఏమీ లేనప్పుడు ముగ్గురు మనుషులు అలా నవ్వరని ఆ పిల్లకు తెలుసు.

బుధవారం తండ్రికి ఇంకో ఆలోచన వచ్చింది. ఏటా పిల్లకు కుట్టించే గౌను రెండేళ్ళు పనికొచ్చేలా వదులుగా ఉంటుంది. అందులో పిల్ల కనపడదు, గౌనే నడుస్తుంది. అలాంటి బట్టల్లో ధైర్యం ఎక్కడినుంచి వస్తుందని, పిచ్చుకను వెంటబెట్టుకుని కింది వాటాలోని టైలరు దగ్గరకు దిగాడు.

"ఈసారి ఒంటికి సరిగ్గా కుట్టు. పెరిగాక విప్పుకోడానికని లోపల మడత వదలొద్దు."

టైలరు టేపు పట్టుకుని ఆగాడు. "అదేంటి సార్, ఎదిగే పిల్ల కదా?"

"ఆ సంగతి తర్వాత. ముందు పిల్ల సంతోషంగా ఉండాలి" అన్నాడు తండ్రి. పిల్లను అద్దం దగ్గర నిలబెట్టి, టైలరును పక్కకు లాగి, "దాంతో ఏదైనా ఓ మంచి మాట అను. ఎందుకని మాత్రం అడక్కు" అన్నాడు చిన్న గొంతుతో.

టైలరు మెత్తని మనిషి. పిల్ల భుజం కొలత తీసుకుంటూ "నీ బట్టలు కుట్టడం నా అదృష్టం తల్లీ" అన్నాడు. ఆ కంగారులో కొలత తప్పు రాసుకున్నాడు.

అద్దంలో పిచ్చుక తనను తాను చాలాసేపు చూసుకుంది. ఇకమీదట ఎదగనక్కర్లేదన్నమాట. పైకొచ్చాక గదిలో కూర్చుని నోటుపుస్తకంలో ఒక జాబితా రాసుకుంది.

గురువారం పిల్ల సంచీలో రంగుపెన్సిళ్ళ డబ్బా లేదు. స్కిప్పింగ్ తాడు లేదు. గొడుగూ లేదు.

"బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయికి ఇచ్చేశాను" అంది.

"భేష్! ఎంత పెద్ద మనసు!" అన్నాడు తండ్రి. అలమరలో కాగితం మీద అదనంగా ఒక టిక్కు పెట్టాడు. పిచ్చుక తల ఊపి, బూట్లు ఎవరికి సరిపోతాయా అని ఆలోచిస్తూ వెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నానికి కొంప మునిగింది. ఈ వస్తువులన్నీ ఎందుకిచ్చావని బెంచీ నేస్తం అడిగితే, "నేను ఎక్కువ రోజులుండను, ఎవరికీ చెప్పకు" అంది పిచ్చుక. ఆ అమ్మాయి మాట తప్పకుండా ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ ఒక్కరికే చెప్పారు. ఆఖరి పీరియడుకి క్లాసులో నలభై మంది ఏడుస్తున్నారు. ఇక టీచరు పోస్టాఫీసు కౌంటరులో ఉన్న తల్లికి ఫోను చేసింది.

"పాప జబ్బు సంగతి మాకు ముందే చెప్పాల్సిందండీ" అంటూ వెక్కింది టీచరు. "అనవసరంగా ఆ రోజు మీవారిని నిలదీశాను."

తల్లి రోజులు లెక్కేసుకుంది. శనివారం భర్త ఒక్కడే బడికి వెళ్ళాడు. ముఖం వేలాడేసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే, సోమవారంనుంచి అందరం పిల్లని మెచ్చుకోవాలి, దానికి తెలియకూడదు అన్నాడు. బళ్ళో డాక్టరు పరీక్షలు జరిగి పదిరోజులైనా కాలేదు. లెక్క సరిపోయింది. కౌంటరు ముందు ఎనిమిది మందిని అలాగే నిలబెట్టి ఆమె ఇంటికి పరుగెత్తింది.

తండ్రి ఫ్యాక్టరీనుంచి వచ్చేసరికి గుమ్మం ముందు పదిహేను జతల చెప్పులున్నాయి. మెట్లమీద జనం గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆయన తన అమ్మ పోయిందనుకున్నాడు. లోపల అమ్మ బతికే ఉంది, పిచ్చుకను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఎన్నాళ్ళు దాస్తారండీ?" భార్య ఆయన చొక్కా పట్టుకుంది. "ఏ జబ్బు? నా దగ్గర కూడానా?"

"ఏ జబ్బేంటి?"

"సార్ నాతో బుధవారమే అన్నారమ్మా, మడత వదలొద్దని" అంటూ మూలన టైలరు ముఖం కప్పుకున్నాడు.

వివరించడానికి తండ్రికి ముప్పావుగంట పట్టింది. చివరికి అలమర తెరిచి కాగితం చూపిస్తే తప్ప భార్య నమ్మలేదు. అది నమ్మాక ఆమెకు వచ్చిన కోపం వేరే సంగతి. అందరూ ఒప్పుకున్నారు, పిచ్చుక తప్ప. కాగితం కింద ఎర్ర గీత వేసి 'పిల్లకు తెలియకూడదు' అని రాసుందిగా మరి. ఇక చేసేది లేక, ముగ్గురూ పిల్లను తీసుకుని వీధి చివరి డాక్టరు దగ్గరకు వెళ్ళారు.

డాక్టరు నాలుక చూశాడు, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, నవ్వాడు. "నీకేం లేదమ్మా. హాయిగా ఇంటికెళ్ళు."

"తాతయ్యకీ ఇలాగే చెప్పారు" అంది పిచ్చుక.

డాక్టరు కుర్చీ పిల్ల దగ్గరకు జరుపుకున్నాడు.

"ఆసుపత్రిలో అందరూ తాతయ్యని మెచ్చుకున్నారు. నీకేం లేదు, రేపు ఇంటికెళ్ళిపోదామన్నారు. నాన్న కూడా 'నీ అంత మంచివాడు లేడు నాన్నా' అన్నాడు. మీరంతా బయటికెళ్ళాక తాతయ్య నాతో చెప్పాడు. 'మీ నాన్న నన్ను మెచ్చుకున్నాడే, ఇక నా పని అయిపోయినట్టే' అని. నాలుగో రోజే పోయాడు."

డాక్టరు మెడలో గొట్టం తీసి బల్లమీద పెట్టాడు. ఇలాంటిదానికి తన దగ్గర మందు లేదన్నాడు.

నడవాలో బెంచీమీద తండ్రీకూతుళ్ళు ఇద్దరే కూర్చున్నారు. ఆయనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆసుపత్రిలో తన నాన్నకు అంతా తెలుసన్నమాట. తెలిసీ తన ముందు నమ్మినట్టు తల ఊపాడు. ఇప్పుడు ఈ పిల్లకు ఏం చెప్పినా ఎదురు తిరుగుతుంది. ముద్దుగా మాట్లాడితే భయపడుతుంది, ఏమీ లేదంటే ఖాయం చేసుకుంటుంది. కూతురు తాను చచ్చిపోతానని నమ్ముతూ ఐదు రోజులు బడికి వెళ్ళొచ్చింది. ఆ ఐదు రోజులూ ఆయన టిక్కులు పెట్టుకున్నాడు.

పిచ్చుక సంచీలోంచి బొమ్మల పుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "జాబితాలో ఇది నీకు రాశాను నాన్నా. బాలేదు. అయినా ఉంచుకో."

ఆయన పుస్తకం తెరిచాడు. కిటికీలోంచి కనపడే వీధి బొమ్మ. బాగుందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, బలవంతాన మింగేశాడు. తనిఖీ బల్ల దగ్గర చూసినట్టు, కళ్ళజోడు పెట్టుకుని ఆ చివరనుంచి ఈ చివరకు చూశాడు.

"బస్సుకి ఒకటే చక్రం ఉందేంటి?"

పిచ్చుక గిర్రున ఆయనవైపు తిరిగింది. "రెండోది కుక్క వెనకాల ఉంది."

"కుక్క బస్సంత ఉండటం తప్పు."

"కుక్క దగ్గరగా ఉంది, బస్సు దూరంగా ఉంది! కిటికీలోంచి చూస్తే అలాగే ఉంటుంది!"

ఆయన ఆలోచించాడు. పిల్ల మాటే నిజం. "సరే. ఈ డ్రైవరు ఎందుకు ఏడుస్తున్నాడు?"

"ఏడవట్లేదు, నవ్వుతున్నాడు."

"అయితే నోరు కుదరలేదు."

"అది కుదరలేదు" అని ఒప్పుకుంది. ఆగి, ఆయన ముఖంలోకి చూసింది. "పోయేవాళ్ళకి తప్పులు చెప్పరు కదా నాన్నా?"

"చెప్పరు. మీ తాతయ్యకి నేను ఒక్కటి కూడా చెప్పలేకపోయాను." ఆయన పుస్తకం ఒళ్ళో సర్దుకున్నాడు. "తప్పు చేశానే. అబద్ధం చెప్పి పంపించాను."

పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది. ఐదు రోజులనుంచి బిగబట్టిన ఊపిరి. ఆయన వేలు బొమ్మలో మలుపు దగ్గర ఆగింది. అక్కడ ఒక ముసలాయన, ఒక కాలు ఈడుస్తూ, చెయ్యి వెనక్కి పెట్టుకుని నడుస్తున్నాడు.

"ఈ నడకలో ఒక్క తప్పు లేదు" అన్నాడు మెల్లగా. "అచ్చం ఇలాగే నడిచేవాడు."

"అవును, తాతయ్యే" అంది పిచ్చుక. ఈసారి ఆ పిల్ల ముఖం పాలిపోలేదు.

కళ్ళు తుడుచుకుని ఆయన కళ్ళజోడు తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఇప్పుడు నువ్వు నన్ను చూడు. తప్పులన్నీ చెప్పు. ఒక్కటి దాచినా ఊరుకోను."

పిచ్చుక మొదట కాలరుకేసి చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టింది. "నా నోటుపుస్తకం తెరిస్తే ముందు ఎర్రగీతల కోసం వెతుకుతావు. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఒత్తులు సరిచేస్తావు, చెప్పేది మర్చిపోతాను. అమ్మ చేసింది తిని మాట్లాడకుండా లేచిపోతావు, అమ్మ నీ వెనక నిలబడి చూస్తుంది. తాతయ్య పోయినప్పుడు ఎవ్వరూ నన్నేమీ అడగలేదు, నువ్వు కూడా..." నడవాలో దీపాలు వేశారు. తల్లి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆఖరి రోగి వెళ్ళిపోయాడు, డాక్టరు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ఆగలేదు, ఎవరూ ఆపలేదు.

పదిహేడు తప్పులయ్యాక కాస్త ఊపిరి తీసుకుంది. తండ్రి ఆశగా ముందుకు వంగాడు.

"నా గురించి ఒక్క మంచి మాటైనా లేదా?"

పిచ్చుక ఆయన్ని పైనుంచి కిందికి పరీక్షగా చూసింది.

"నీకేం జబ్బు లేదుగా నాన్నా. తొందరేముంది?"

ఆరోగ్యంగా ఉన్నందుకు ఆయన జీవితంలో నొచ్చుకున్నది ఆ ఒక్కసారే.