ఇష్టం అనే కారణం చట్టంలో లేదు

పాత కారును బలమైన కారుగా మార్చదలచిన పౌరుడు చేయవలసిన పనులు ఇవి: పైకప్పును నాలుగు వేళ్ల మేర కోసి కిందికి దించాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసి ఎనిమిది సిలిండర్లది కూర్చోబెట్టాలి. అది పట్టేలా ముందు భాగాన్ని తెరవాలి. ఆ బలానికి తట్టుకునే బ్రేకులూ గేరుబాక్సూ వెతకాలి. వెనక చక్రాలను వెడల్పు చేయాలి. రేకంతా సుత్తితో సరిచేసి రంగు వేయాలి. ఆ తర్వాత దరఖాస్తు పెట్టాలి.

మొదటి ఆరు పనులకూ మా బాబాయికి నాలుగేళ్లు పట్టింది. ఈ వ్యాసం ఏడోదాని గురించి. మనిషి చక్రాన్ని ప్రయాణం కోసం కనిపెట్టాడని పుస్తకాల్లో రాస్తారు. అది పొరపాటు. రిజిస్ట్రేషన్ చేయించడానికి కనిపెట్టాడు. ప్రయాణం మధ్యలో వచ్చిన దురలవాటు.

బాబాయిది కార్ల సొట్టలు తీసే షెడ్డు. రేకు మీద అరచెయ్యి జరిపి, చూడకుండానే సొట్ట ఎక్కడుందో చెప్పేవాడు. షెడ్డు వెనక ఇరవై ఏళ్లుగా కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఒక పాత కారును (కోళ్లకు ప్రత్యామ్నాయ వసతి చూపించాకే) ఆయన ఇలా మార్చాడు. కార్ల పత్రికల్లో ఇలాంటి దాన్ని హాట్ రాడ్ అంటారు. మా వీధిలో బాబాయి పిచ్చి అన్నారు. పిన్ని మాత్రం దాన్ని సవతి అనేది.

"మీ బాబాయి నా మొహం ఎప్పుడైనా అంత పరీక్షగా చూశాడా అడుగు," అనేది, షెడ్డులోకి టీ పట్టుకెళ్తూ.

"నీకు సొట్టల్లేవు కదే," అనేవాడు బాబాయి.

కారు పూర్తయిన సంవత్సరమే కళ్ల డాక్టరు ఆయన చూపు అంచుల నుంచి తగ్గిపోతోందని తేల్చారు. లైసెన్సు గడువు నవంబరు ముప్ఫై. అప్పటిదాకా పగటిపూట నడపవచ్చు, ఆ పైన పొడిగింపుకు తాను సంతకం పెట్టనని చెప్పారు. బాబాయి కోరిక ఒక్కటే. ఊరి బయట తొమ్మిది కిలోమీటర్లు తిన్నగా పోయే కొత్త రోడ్డు ఉంది. పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కసారి నడపాలి. అప్పటికి ఏప్రిల్. చేతిలో ఎనిమిది నెలలున్నాయి.

"ఈ ఆదివారం ఒక్క రౌండేసొద్దామా అమ్మడూ?" అన్నాడు నాతో.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నియమావళిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. "అనుమతి వచ్చాక వెళ్దాం బాబాయ్," అన్నాను.

పక్క షెడ్డు వెల్డరు కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని నా వైపు చూశాడు. "డిగ్రీ గారూ, నిన్నెవరైనా అడిగారా? నా వ్యాను సగం లారీది, సగం ఇంకోదానిది. పన్నెండేళ్లుగా తిరుగుతోంది. కాగితాల్లో అది ఇంకా ఐస్‌క్రీం బండే."

"అది తప్పు కదా అన్నా."

"తప్పే. కానీ తిరుగుతోంది."

నేను వాహన మార్పు అనుమతుల కార్యాలయపు యాప్‌లో దరఖాస్తు పెట్టాను. పూర్వపు శక్తి గడిలో నలభై గుర్రాలు అని, ప్రస్తుత శక్తి గడిలో మూడు వందల తొంభై అని ఉన్నదున్నట్టు రాశాను. మూడో రోజున కార్యాలయం మనుషులు వచ్చి, స్టీరింగుకు తీగ చుట్టి సీసపు ముద్ర వేసి, "పరిశీలనలో ఉన్న వాహనం" అని కాగితం అంటించి వెళ్లారు. నిర్ణయం వచ్చేదాకా అది రోడ్డెక్కరాదు. (దరఖాస్తు పెట్టని వాహనాలకు ఈ నియమం వర్తించదు. వాటిని గురించి కార్యాలయానికి తెలియదు.)

మే నెలలో కార్యాలయపు మూడో కిటికీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడి గుమాస్తా నా కాగితాన్ని పురుగు పట్టిన పప్పును చూసినట్టు చూశాడు.

"మార్పుకు కారణం 'ఇష్టం' అని రాశారేంటమ్మా?"

"నిజం అదే కదండీ."

"నిజం కాదు, కారణం అడిగాం. ప్రమాదం, అగ్ని, వరద, వైకల్యం. ఈ నాలుగే. ఇష్టం అనే కారణం చట్టంలో లేదు."

"ఇతరములు అని ఉంది కదండీ?"

"ఉంది. కానీ దాన్ని ఎవరూ వాడరు."

చివరికి 'వరద' అని రాయించుకున్నాడు. మా వీధిలో వరద వచ్చిన దాఖలా లేదు. అయినా ఫైలు కదిలింది. నేను జీవితంలో మొదటిసారి అబద్ధం రాశాను, మొదటిసారి రసీదు అందుకున్నాను.

జూన్‌లో పదిహేడో నియమం ఎదురొచ్చింది. దాని ప్రకారం, మార్చిన వాహనాన్ని మార్చక ముందు తనిఖీ చేయాలి. మార్చిన తర్వాత మార్చక ముందు ఎలా వస్తుందని అడిగాను. ఆ బాధ్యత దరఖాస్తుదారుదేనని గుమాస్తా చెప్పాడు.

బాబాయి అరగంట నవ్వాడు. తర్వాత గోడకు వేలాడేసి ఉంచిన నాలుగు వేళ్ల రేకు పట్టీని దించి, పైకప్పును తిరిగి ఎత్తు చేశాడు. ఎనిమిది సిలిండర్లను దించి, పాత ఇంజిన్‌ను దాని చోట బోల్టులతో బిగించాడు. తాను కష్టపడి చేసినదాన్ని రెండు నెలల పాటు మరింత కష్టపడి చెడగొట్టాడు. ఆగస్టులో తనిఖీ అధికారి వచ్చాడు. నిద్రలో కూడా కొలతల టేపు వదలడని అందరూ ఆయన్ను టేపు సారు అంటారు. ఆయన పైకప్పును మూడుసార్లు కొలిచి, తల పంకించాడు.

"అచ్చంగా కంపెనీది ఉన్నట్టే ఉంది. ఇంత మంచి కప్పును ఎందుకు కోస్తారండీ?"

"వరదండీ," అన్నాడు బాబాయి.

మళ్లీ కోయడం మొదలైంది. మొదటిసారి బాబాయి గీత కూడా గియ్యకుండా కోశాడు. రెండోసారి సుద్దగీత కనబడక, నన్ను తెల్ల టేపు అంటించమన్నాడు. అంటించాను. ఇంకొంచెం వెడల్పుది తెమ్మన్నాడు. తెచ్చాను. పిన్ని టీ గ్లాసును ఆయన చేతికి అందించడం మానేసి, చేతిలో పెట్టి వేళ్లు మూయడం మొదలుపెట్టింది.

నవంబరు ఇరవైన, ముద్ర విప్పని కారును లారీ మీద కార్యాలయానికి చేర్చాక, రోడ్డు పరీక్ష జరిగింది. అందులో రోడ్డు లేదు. కార్యాలయపు పెరట్లో అరవై అడుగుల సందు, దాని చివర గోడ ఉన్నాయి. ముప్ఫై ఒకటో నియమం ప్రకారం వాహనం అక్కడే తన గరిష్ఠ వేగాన్ని అందుకుని, అక్కడే ఆగాలి. (గోడ ఎందుకని ఒకరు పూర్వం లిఖితపూర్వకంగా అడిగారట. గోడకు అనుమతి ఉందని జవాబు వచ్చింది.)

"పక్కన కూర్చుంటానండీ," అన్నాడు బాబాయి.

"దరఖాస్తుదారు లోపల ఉండకూడదు," అని టేపు సారు ముద్ర విప్పి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కారు గర్జించింది. మూడో కిటికీ అద్దం అదిరింది. అయిదు సెకన్లలో అంతా అయిపోయింది. టేపు సారు దిగినప్పుడు ఆయన మొహం పదేళ్ల పిల్లాడిదిలా ఉంది. "అబ్బ! ఏం బండండీ!" అన్నాడు. వెంటనే తేరుకుని, 'సంతృప్తికరం' అని రాసుకున్నాడు.

బాబాయి అటు చూడటం లేదు. తల వంచి వింటున్నాడు.

"రెండో గేరులోనే ఆపేశాడు," అన్నాడు నాతో మెల్లగా. "పాపం, గోడుందిగా."

మిగిలింది ఒక్క సంతకం. సంతకం పెట్టవలసిన అధికారి "సత్వర సేవలు" అనే అంశం మీద మూడు వారాల శిక్షణకు వెళ్లారు. అనుమతి పత్రం డిసెంబరు పదకొండున వచ్చింది. షరతు ఒక్కటే. పూర్వపు శక్తిని మించకుండా యాక్సిలరేటరు కింద చెక్కముక్క బిగించాలి. తయారు చేసినవారి పేరు అనే గడి కూడా అందులో ఉంది. దాని ఎదురుగా 'వర్తించదు' అని అచ్చు వేసి ఉంది.

బాబాయి లైసెన్సు అప్పటికి పదకొండు రోజుల క్రితమే ముగిసింది. పత్రాన్ని నేను చదివి వినిపించాను. ఆయన విని లేచాడు. షెడ్డులోకి వెళ్లి తడుముకుంటూ తలుపు తీసి, కారులో కూర్చున్నాడు. పిన్ని తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లి పక్కన కూర్చుంది. ఇంజిన్ ఆన్ చెయ్యలేదు. ఆయన ఒకటి, రెండు, మూడు అని వరసగా గేర్లు మార్చడం నాకు వినిపించింది.

"ఎక్కడిదాకా వచ్చాం?" అంది పిన్ని.

"మన వీధి కూడా దాటలేదే. కంగారు పడకు."

పాఠకులకు నా మనవి ఇది. ఎదురుగా గోడ లేని రోడ్డు మీద మీరెప్పుడైనా మూడో గేరు వేస్తే, మా బాబాయిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకునే ముందు ఎవరి అనుమతీ అడగకండి. నేను అడిగాను.