ఫొటో బాగుంది, కాలు సంగతి అడక్కండి

విరిగిన నా చీలమండ పూర్తిగా నయమైపోయిందని మొన్న డాక్టరు గారి గదిలో తెలిసింది. అప్పటికి నేను గోడ పట్టుకుని నిలబడి ఉన్నాను!

ముప్పై ఏళ్లుగా వారపత్రిక సీరియళ్లలో హీరోలను రైలు మీంచి దూకిస్తున్నాను. ఒక్కడికీ గోరు చిట్లలేదు. నేను మాత్రం బోధన్ బస్టాండు ముందు, చెరకురసం బండి దగ్గర పిప్పి మీద కాలేసి జారాను. రెండు నెలలు సిమెంటు కట్టు.

పాఠకులారా, మన కాలు బాగయిందో లేదో పక్కవాళ్లు తేల్చడం ఎంత సుఖమో ఎప్పుడైనా ఆలోచించారా? సొంత కాలి గురించి సొంత బుర్ర పాడుచేసుకోవడమెందుకు?

పరామర్శకు వచ్చిన చెరకు రైతు గంగన్న ఒక్క మాటలో తేల్చేశాడు. "ట్రాక్టర్ క్లచ్ తొక్కనొస్తె అయిపాయె సారు. ఇంకేం గావాలె?" నాకు ట్రాక్టరు లేదు.

వడ్రంగి ఉస్మాన్ భాయ్ కొలత వేరు. "నమాజ్‌ల కాలు మలిచి కూసోనొస్తె చాలు సాబ్, పాస్ అయినట్టే." నేను మెథడిస్టు క్రైస్తవుణ్ణి.

మా ఆవిడ జ్ఞానమ్మది మరొకటి. "ఆదివారం చర్చికి కట్టె లేకుంట నడువుండ్రి. అడిగినోళ్లకు జవాబు చెప్పలేక సస్తున్న."

ఇక డాక్టరు గారు! ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి "ఫస్ట్ క్లాస్" అన్నారు. ఆ క్లాసు ఫిల్ముకు. కాలు కింద ఉంది. అంత కిందికి ఆయన చూడలేదు.

నా పక్కనే వేల్పూర్ ఎల్లవ్వ. పసుపు చేలల్లో కూలి చేస్తుంది. ఆమెదీ చీలమండే. ఆమె ఫిల్మూ ఫస్ట్ క్లాసులోనే పాసయింది.

"ఫొటో మంచిగనే ఉన్నది బిడ్డా," అంది ఎల్లవ్వ. "రేపు పసుపు తవ్వనీకి గా ఫొటోనే తోలు."

డాక్టరు గారు ఫిల్ము దించారు. "మరి నీకేం కావాలవ్వా?"

ఆ గదిలో ఆ ప్రశ్న పుట్టడం బహుశా అదే మొదలు.

"పొద్దుగాల చెంబు వట్టుకపోయి కూసుంటే మల్ల నా అంతల నేను లేవాలె. కోడలు రెక్క వట్టి లేపుతున్నది. దాని ముంగట సిగ్గుతోని సస్తున్న."

ఆయన నవ్వలేదు. చీటీ మీద రాసి, కూర్చుని లేచే కసరత్తుకు రోజూ రమ్మన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "మీకేం కావాలి సార్?"

గది నిండా జనం. అందులో నా సీరియల్ వదలకుండా చదివే కాంపౌండరు.

"కదిలే బస్సు ఎక్కగలగాలి," అన్నాను గంభీరంగా.

"ఎక్కేస్తారు. మీరిక రానక్కర్లేదు."

చూశారా? అడిగితే ఇలాగే అవుతుంది! అందుకే అడగకపోవడమే మేలంటాను.

ఇక నేరస్థుడి వాంగ్మూలం, ఆ గదిలో చెప్పలేక ఇక్కడ రాస్తున్నది.

"డాక్టరు గారూ, నేను జన్మలో కదిలే బస్సు ఎక్కలేదు. ఉస్మాన్ భాయ్ చేత మధ్యలో కన్నం పెట్టించిన కుర్చీ ఒకటి మా పాయిఖానాలో ఉంది. అది లేనిదే నాకు తెల్లవారదు. నన్నెవరూ అడగలేదని రెండు నెలలు తిట్టుకున్నది నేనే, అడిగిన రోజు అబద్ధం చెప్పిందీ నేనే. ఎల్లవ్వ చీటీ మీద రాసిందే నా చీటీ మీదా రాయండి."