ఖాళీ తొట్టికి మేత

కుళాయి తిప్పితే నీళ్లొస్తాయనుకునేవాళ్లకి నీటి సరఫరా కార్యాలయంతో ఎన్నడూ పని పడి ఉండదు. నీళ్లు ముందు సిద్ధపడాలి. అందుకు కొంత వ్యవధి, ఒక ఫైలు, మూడు సంతకాలు కావాలి.

అర్జీదారులు కూర్చునే హాల్లో విసుగు పెరిగిందని పెద్ద ఇంజనీరుగారు గమనించారు. (కుర్చీలు తక్కువన్న సంగతి కూడా ఎవరో చెప్పారు గానీ, అది వేరే విభాగం.) విసుగు తగ్గించడానికి ఒక గాజు తొట్టి, ఆరు చేపలు మంజూరయ్యాయి. బాధ్యత అటెండరు నెత్తిన పడింది. మాట తక్కువ మనిషి. చేపల కొట్టుకెళ్లి అడిగాడు.

"ఇవాళ నీళ్లు పోసి ఇవాళే వదిలితే ఎల్లుండికి తేలతాయి" అన్నాడు కొట్టాయన. "ముందు నీళ్లలో బ్లీచింగు పోవాలి. తర్వాత ఖాళీ తొట్టిలోనే రోజూ చిటికెడు మేత వెయ్యి. అది కుళ్లి విషం పుడుతుంది. ఆ విషాన్ని తినే క్రిములు ఫిల్టరులో పెరగాలి. అప్పుడు చేపలు."

"ఎన్నాళ్లు?"

"ఆరు వారాలు."

ఆరు వారాలనగానే ఆఫీసుకి తొట్టి మీద గౌరవం కలిగింది. కొత్తగా నీళ్లు వాడేవారెవరైనా దరఖాస్తు పెట్టాలని నిబంధన గనుక తొట్టి పేరనా ఒకటి పెట్టారు. కుటుంబ సభ్యులు: ఆరుగురు (రావలసి ఉంది). ఇరుగుపొరుగు అభ్యంతరాలు: లేవు. (పక్కనున్న బీరువాని అడిగారు.) ఆ మధ్యాహ్నమే మంజూరైంది.

తొట్టికి ఎదురుగా బల్ల మీద కూర్చునేది బట్టలు కుట్టే ఆవిడ. కుళాయి కోసం పద్నాలుగు నెలలుగా తిరుగుతోంది. వీధి పంపు నుంచి మూడో అంతస్తుకి రోజూ పన్నెండు బిందెలు మోసి మోకాలు వాచింది. స్థల పరిశీలనకు వచ్చినాయన రెండో అంతస్తులో ఆయాసపడి, 'ఇల్లు కనబడలేదు' అని రాసి దిగిపోయాడు.

"అన్నా, చేపలేవీ?" అంది, మేత వేస్తున్న అటెండరుతో.

"లేవు."

"మరి మేత ఎవరికి?"

"నీళ్లకి."

ఆవిడ తొట్టిలోకి తొంగి చూసింది. "నీళ్లది అదృష్టం. పొద్దున్నే ఎలా ఉన్నావని చూసే దిక్కుంది. నా ఫైలు కూడా అందులో పడెయ్యరాదూ?"

అటెండరు నవ్వలేదు. రిజిస్టరు తీసి రాశాడు: 'మేత వేయడమైనది. చేపలు: నిల్.'

మూడో వారం నీళ్లు పరీక్షిస్తే విషం బాగా పెరిగిందని తేలింది. అత్యవసర సమావేశం పెట్టారు. ఫిల్టరుని శుభ్రంగా తోమి కడిగిస్తే సరి అన్నారు పెద్ద ఇంజనీరుగారు. అప్పుడు అటెండరు నోరు విప్పాడు.

"కడిగితే క్రిములు పోతాయి. మళ్లీ మొదట్నుంచి సార్."

అందరూ అతని వైపు తిరిగారు. 'మళ్లీ మొదట్నుంచి' అని అర్జీదారులకి చెప్పడమే గానీ వినడం వాళ్లకి అలవాటు లేదు.

నాలుగో వారం నుంచి సోమవారం సోమవారం పావు తొట్టి నీళ్లు తీసి కొత్తవి పోయాలి. తీసినవి పారబొయ్యడానికి అటెండరుకి మనసొప్పలేదు. ఆవిడని బిందె తెచ్చుకోమని అందులో పోశాడు.

"మొక్కలకి పోసుకో చెల్లెమ్మా. తాగబోకు."

ఇరవై ఎనిమిదేళ్లలో అతని చేతి మీదుగా రాయకుండా గుండుసూది కూడా బయటికి పోలేదు. ఇదీ రాశాడు, ఆవిడ దరఖాస్తు నంబరుతో సహా.

ఆరో వారం విషం సున్నా. పెద్ద ఇంజనీరుగారు స్వహస్తాలతో ఆరు చేపల్ని వదిలారు. చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో పెండింగు ఫైళ్లు కూడా చూసేశారు. ఆవిడకి కాగితం అందింది: 'అర్జీదారుకు ప్రతి సోమవారం కార్యాలయం నుంచి నేరుగా నీళ్లు అందుతున్నట్లు రిజిస్టరు వల్ల తెలిసినందున, సమస్య పరిష్కారమైనట్లు భావించి ఫైలు మూసివేయడమైనది.' దానికి తొట్టి నీటి పరీక్ష నివేదిక జతచేశారు.

"ఏం రాశావన్నా?"

"జరిగిందే రాశాను చెల్లెమ్మా." అతను తలెత్తలేదు.

ఆవిడ ఖాళీ బిందె చంకనెత్తుకుని తొట్టి ముందు నిలబడింది. గాజు వెనక ఆరుగురూ కులాసాగా తిరుగుతున్నారు. దరఖాస్తు పెట్టిన రోజే నీళ్లు మంజూరైన కుటుంబం ఆ ఊళ్లో అదొక్కటే.