నీళ్ళు చొరని పడవ

ఆదివారం పొద్దున్న ఏడింటికి పడవను టబ్బులో ఓసారి తేల్చి చూసుకోవాలి, తొమ్మిదికల్లా వదినను తీసుకుని పార్కు చెరువు దగ్గరికి వెళ్ళాలి. ప్లంబరు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అతని పథకాలన్నీ పొద్దున్న ఏడింటికి ఇంత ముచ్చటగానే ఉంటాయి.

పడవ మూరెడు పొడవుంటుంది. రేడియోలు బాగుచేసుకుని బతికిన అన్న, మూడేళ్ళపాటు చెక్కపేళ్ళు అతికించి, మోటారు బిగించి, చేతిలో రిమోటు నొక్కితే నడిచేలా దాన్ని తయారుచేశాడు. రంగు ఆరిన వారానికే గుండె ఆగి పోయాడు. పడవ ఒక్కనాడూ నీళ్ళు చూడలేదు. వదిన అప్పటినుంచి ఏడు నెలలుగా గడప దాటలేదు. ఎవరెంత బతిమాలినా, ఆయన పడవ నడిచేది చూడ్డానికైతే వస్తాను గానీ ఇంకెక్కడికీ రానని తేల్చి చెప్పింది.

ప్లంబరు గుండెలో గుచ్చుకునే సంగతి ఇంకొకటుంది. అన్న బతికుండగా అతన్ని అడిగిన పని ఒకే ఒక్కటి. వంటింట్లో కుళాయి కారుతోంది, చూసిపొమ్మని. ఊళ్ళోవాళ్ళ కుళాయిలన్నీ బాగుచేసిన తమ్ముడు ఆ ఒక్కదానికీ రేపు రేపు అంటూ నాలుగు నెలలు లాగాడు. ఆ రేపు రాకుండానే అన్న పోయాడు. అందుకే ఈ పడవలోకి మాత్రం ఒక్క చుక్క కూడా వెళ్ళనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

టబ్బులో తేల్చి మూత తీసి చూస్తే మూడు చుక్కలున్నాయి. ప్రొపెల్లరు కడ్డీ బయటికి వెళ్ళే గొట్టంలోంచి వచ్చాయి. నిజానికి మూడు చుక్కలతో వచ్చే నష్టమేమీ లేదు. అన్న సర్క్యూటు బోర్డుకు రెండు పూతలు గోళ్ళరంగు వేశాడు. రిమోటు మాట వినే డబ్బీని రబ్బరు బుడగలో పెట్టి మూతి బిగించాడు. పడవ మూతకు నాలుగే మరలు పెట్టాడు, నడిపిన ప్రతిసారీ విప్పి ఆరబెట్టుకోవడానికి. నీళ్ళను రాకుండా ఎవడూ ఆపలేడురా, వచ్చినా బతికేలా చూసుకోవాలి అనేవాడు. ముప్పై ఏళ్ళుగా నీళ్ళను ఆపడమే వృత్తిగా పెట్టుకున్న తమ్ముడికి ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

గొట్టంలో అరడబ్బా గ్రీజు కూరాడు. స్విచ్చి లోపలే ఉంది కాబట్టి, ముందే వేసేసి మరీ మూత పెట్టాడు. ఆ మాత్రం ముందుచూపుంది మనిషికి. మూత చుట్టూ, మరల మీదా సిలికాను జిగురు ట్యూబు మొత్తం పిండేశాడు. అది ఆరేదాకా పక్కనే తలపట్టుకుని కూర్చున్నాడు.

ఆ వాలకం చూసి అతని భార్యకు బెంగ పట్టుకుంది. వెంటనే వదినకు ఫోను చేసి, ఈయన పడవకు మూత పెట్టి అన్నివైపులా అంటించేశారక్కా, పలకరిస్తే పలకడం లేదని చెప్పింది. పడవ చెడిపోయింది, ఇక విప్పే పని లేక మూసేశారని వదిన అర్థం చేసుకుంది. ఆ సంగతి మరిదిని అడగడానికి నోరు రాక, వస్తానని ఇచ్చిన మాట ప్రకారం బయల్దేరింది. ఎందుకు మాట్లాడటం లేదో వదినను అడగడానికి అతనికీ ధైర్యం చాలలేదు. ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని, గుడ్డ చుట్టిన పడవను జాగ్రత్తగా పట్టుకుని చెరువుగట్టుకు చేరారు.

పార్కు వాచ్‌మన్ ఆ నడక చూసి ఎదురొచ్చాడు. టోపీ తీసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇక్కడ బూడిద కలపనివ్వరమ్మా. చేపలున్నాయి."

వదిన గుడ్డ విప్పింది. "బూడిద కాదు బాబూ. మా ఆయన కట్టిన పడవ."

వాచ్‌మన్ సిగ్గుపడి అక్కడే ఉండిపోయాడు. ప్లంబరు పడవను నీళ్ళలో వదిలి రిమోటు నొక్కాడు. పడవ కదిలింది. తిన్నగా చెరువు మధ్యకు వెళ్ళి, ఎడమకు తిరిగింది. వదిన ముఖంలోకి ఏడు నెలల తర్వాత కాస్త రంగొచ్చింది.

"ఏదీ, నాకోసారి ఇవ్వు."

ఇచ్చాడు. అతని చేతులకున్న గ్రీజు రిమోటుకీ అంటింది. అది ఆవిడ వేళ్ళలోంచి జారి బుడుంగున చెరువులో పడింది. పడవలో ఉన్న ప్రతి తీగకూ రక్షణ ఉంది గానీ, రిమోటు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఎడమకు తిరగమని విన్నదే ఆఖరి మాట కాబట్టి పడవ ఎడమకే తిరుగుతోంది. వాచ్‌మన్ వల తెచ్చి పట్టుకుంటే, ప్రొపెల్లరు గాల్లో గిర్రున తిరిగి ముగ్గుర్నీ తడిపేసింది.

"స్విచ్చెక్కడ?"

"లోపల," అన్నాడు ప్లంబరు.

తాళంచెవితో గీకాడు, గోళ్ళు విరగ్గొట్టుకున్నాడు. మూత ఇసుమంత కూడా కదల్లేదు. అంత గట్టిగా అతను జన్మలో ఏదీ మూయలేదు. పట్టుకున్న చేతులు నొప్పెట్టి వాచ్‌మన్ పడవను మళ్ళీ నీళ్ళలోనే వదిలేశాడు. బ్యాటరీ అయిపోయేదాకా చేసేదేమీ లేదు. ప్లంబరు బెంచీ మీద కూలబడ్డాడు.

"కొంప ముంచాను వదినా. అన్న అడిగిన పనీ చెయ్యలేదు, ఆయన చేసిన పనీ నిలబెట్టలేదు."

వదిన పడవ మీంచి చూపు తిప్పలేదు. అది ఇరవై చుట్లు తిరిగాక అంది.

"ఆయనే ఉంటే పది నిమిషాలు నడిపి, తుడిచి, పెట్టెలో పెట్టేసేవారు. నన్నింతసేపు చూడనిచ్చేవారు కాదు."

పడవ గంటంపావు తిరిగి ఆగింది. దాన్ని వదినవాళ్ళింటికి తీసుకెళ్ళి ప్లంబరు కత్తితో మూత కోస్తే లోపల అరగ్లాసు నీళ్ళున్నాయి. వచ్చినవి పోయే దారిలేక అక్కడే ఉండిపోయాయి. వాటి కింద అన్న రంగు పూసిన బోర్డు, బుడగలోని డబ్బీ చెక్కుచెదరలేదు. ప్లంబరుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో వంటింట్లోంచి టప్ టప్‌మని చప్పుడు వినిపించింది. అతను సంచీలోంచి పానా తీసుకుని లేచాడు.

"ఇప్పుడొద్దు. రేపు రా," అంది వదిన. "అది బాగైతే మళ్ళీ ఎందుకొస్తావు?"

ప్లంబరు మర్నాడు వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. కుళాయి మాత్రం ఇప్పటికీ కారుతూనే ఉంది.