ఊరికే వచ్చేదైతే వంద

ఆ ఉదయం మందుల షాపు కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కింద కౌంటరు మీదున్న కంప్యూటరూ, మేడ మీద స్టాకు గదిలోని తన కంప్యూటరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. వైరు లాగారు, కార్డులు బిగించారు. అయినా రెండూ అలిగిన తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి. వాటికి మాట కలిపే ప్రోటోకాల్ సాఫ్ట్‌వేర్ లేదు. కొందామంటే మామగారు ససేమిరా అన్నారు.

"నెలాఖరులోగా అవి మాట్లాడుకున్నాయా, సరే. లేదా, పైదాన్ని కళ్ళద్దాల షాపాయనకి ఇచ్చేస్తా. నువ్వు మళ్ళీ రిజిస్టరు రాసుకో."

కోడలు పోరి పోరి తెచ్చుకున్న కంప్యూటరు అది. ఆ ఇంట్లో తనది అని చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే.

"ఊరికే ఇచ్చేవాళ్ళున్నారు మామయ్యా. ఫోను లైను మీద కంప్యూటరువాళ్ళు రాసుకునే చర్చా బోర్డు ఉంది కదా, అక్కడ అడుగుతా."

"ఊరికేనా?" మామగారి కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. కంపెనీవాళ్ళు శాంపిలు మాత్రలు పంచేటప్పుడు ఒక్కటి చాలు అన్న పాపాన పోలేదాయన. "ఊరికే వచ్చేదైతే వంద రాయి!"

"రెండు మిషన్లకి వందెందుకండీ? ఒక్కటొస్తే చాలు."

"అడగందే అమ్మైనా పెట్టదు. వంద అడిగితే పదిస్తారు. రాయమ్మా!"

పక్కనే నిలబడి రాయించారు. కంప్యూటర్లని కలిపే సాఫ్ట్‌వేర్ వంద కావాలి, చాలా అర్జెంటు, పంపవలసిన చిరునామా మందుల షాపు. చదివినవాళ్ళు వేరేలా అర్థం చేసుకున్నారు. వంద కంప్యూటర్లున్న ఆస్పత్రి ఏదో ఆపదలో ఉందనుకుని ఒకాయన ఆ విన్నపాన్ని మరో బోర్డులో పెట్టాడు. అక్కడినుంచి ఇంకొకరు ఇంకోచోట పెట్టారు, ఈసారి రోగులు కూడా చేరారు.

ఇక చూడండి! ఎక్కడెక్కడినుంచో ఫ్లాపీల పొట్లాలు దిగసాగాయి. పోస్టుమాన్ సంచి దించి, "ఏం మందండీ ఇది?" అని నడుము పట్టుకున్నాడు. ప్రతి పొట్లంలోనూ ఒక చీటీ. ఇది నేను రాసిందే, హాయిగా వాడుకోండి, ఇంకొకరికీ ఇవ్వండి, తప్పులుంటే చెప్పండి.

"వీళ్ళంతా మీవైపు చుట్టాలా?" అన్నారు మామగారు.

"కాదు మామయ్యా. ఎవరో నాకూ తెలీదు."

కోడలు ఆ చీటీలను మళ్ళీ మళ్ళీ చదువుకుంది. మొహమైనా చూడనివాళ్ళు ఇంత కష్టం ఊరికే ఇచ్చేశారా అని ఆమెకు ఒళ్ళు పులకరించింది. కానీ పెట్టి చూసినవేవీ ఈ కార్డులతో పొసగలేదు, చూడనివి ఇంకా బోలెడు. ఆమె తిప్పలు పడుతూండగానే నెలాఖరు వచ్చింది.

ఆవేళ కళ్ళద్దాల షాపాయన బండి తెచ్చాడు. దాని వెనకే, బోర్డులో ఆ విన్నపం చదివిన కంప్యూటర్ క్లబ్బంతా వైరు చుట్టలు భుజాన వేసుకుని దిగింది.

"సాయానికొచ్చాం. వంద మిషన్లూ ఎక్కడున్నాయి?" అన్నాడు క్లబ్బు పెద్దాయన.

మామగారు గోడ కేసి చూశారు. కోడలికి తల కొట్టేసినట్టయింది. దాచి లాభం లేదనుకుంది.

"రెండేనండీ. ఆస్పత్రీ కాదు. వంద అని రాయడం మాదే తప్పు. రెండూ కలవకపోతే నాది ఈ బండెక్కుతుంది."

పెద్దాయన ఆమెను చూశాడు, బండిని చూశాడు, పకపకా నవ్వాడు. "అయ్యో, ముందే చెప్పొద్దూ! వందకి పడే పాటే రెండింటికీనమ్మా. పదండర్రా!"

పొట్లాలన్నీ గాలించారు. సరిపోయేది దొరికింది. కోడలు మేడెక్కింది. మామగారు కౌంటరు దగ్గర ఒంటివేలితో, దగ్గు మందు ఎంత ఉంది అని కొట్టారు. కళ్ళముందే పైనుంచి కోడలి జవాబు తెర మీద వెలిగింది.

ఆయన మెట్ల దగ్గరికి పరుగెత్తారు.

"అమ్మా!" మేడ కేసి అరిచారు. "నీ మాట మెట్లు దిగకుండానే వచ్చేసిందే! ఎవరో మహానుభావులు... ఊరికే ఇచ్చారా దీన్ని!"

తిరిగొచ్చి బండి తెచ్చినాయనకు దణ్ణం పెట్టి, "మా కోడలిది అమ్మకానికి లేదండీ," అని పంపేశారు. మర్నాటినుంచి, కంప్యూటరున్నవాళ్ళు ఎవరొచ్చినా ఆ సాఫ్ట్‌వేర్‌ను ఫ్లాపీలో ఎక్కించి ఊరికే ఇవ్వసాగారు. అయితే చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతి ఫ్లాపీ కవరు మీదా భోజనం తర్వాత ఒకటి అని రాసి మరీ ఇచ్చారు.