పదహారు మైకులూ ఒక గుమ్మమూ

ఉదయం పదింటికల్లా ఇల్లంతా గోలగా ఉండాలన్నది ఆ రోజు పథకం. ఇన్నాళ్ళూ "కాస్త మెల్లగా, ఆఫీసు ఫోనుంది" అంటూ ఇంటిల్లిపాదినీ సతాయించిన ఇంజనీరే ఆ పథకం వేశాడు.

హాలు మధ్యలో రెండు స్టూళ్ళ మీద బారెడు కడ్డీని అడ్డంగా పెట్టాడు. దాని పొడుగునా పదహారు చిన్న మైకులు. భార్యను కడ్డీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పేపరిచ్చాడు.

"పక్కనుంచి వచ్చే శబ్దం ఒక్కో మైకును ఒక్కో క్షణంలో తాకుతుంది. ఎదురుగా వచ్చేది అన్నింటినీ ఒకేసారి తాకుతుంది. అలా ఒకేసారి తాకిన గొంతునే ఇది పైకి తెస్తుంది, మిగతాదంతా అణిచేస్తుంది. అటుపక్క టీవీ, ఇటుపక్క మిక్సీ మోగుతూ ఉంటాయి. మా ఆఫీసు డైరెక్టరుగారికి మాత్రం నీ గొంతొక్కటే వినపడాలి."

"మరి వెనకనుంచి ఎవరన్నా మాట్లాడితే?"

"దాని మొహం నీవైపే పెట్టాను కదోయ్! నీకెందుకొచ్చిన సందేహాలు?"

పదమూడేళ్ళ కాపురంలో ఈ చివరి ప్రశ్నకు ఆవిడ ఎన్నడూ జవాబు చెప్పలేదు. పేపరు విప్పింది. ఈ పరీక్ష తప్పితే ఏడాది శ్రమ అటకెక్కుతుంది. మనిషిని ఊరూరా తిరిగి మైకులు బాగుచేసే విభాగానికి పంపేస్తారు. నెలకు ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. అందులో మంచీ లేకపోలేదనిపించింది గానీ, చెమట పట్టిన అతని మొహం చూసి ఆ ఆలోచనను మింగేసింది.

పదయింది. కంప్యూటరు తెరమీద డైరెక్టరుగారు ప్రత్యక్షమయ్యారు. మామగారు టీవీ శబ్దం ఆఖరుకంటా పెంచారు. అత్తగారు ఖాళీ మిక్సీ తిప్పారు. ఇల్లాలు చదవసాగింది: "నగరంలో నీటి సరఫరా..."

రెండు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. డైరెక్టరుగారు తల ఊపుతూనే ఉన్నారు. అంతలో పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మం కడ్డీకి సరిగ్గా వెనక, కుర్చీకి సూటిగా ఉంది.

"ఏంటండీ ఈ రణగొణ? ఇంట్లో రోడ్డేస్తున్నారా?"

అత్తగారు మిక్సీని మామగారికి అప్పగించి గుమ్మంలోకి పరుగెత్తారు. "ష్! మావాడి పరీక్ష. దానికి ఎదుటివాళ్ళ మాటే వినపడుతుందట. మనం వెనక కదా, ఏం మాట్లాడుకున్నా పరవాలేదు." అని గొంతు తగ్గించారు. ఆవిడ గొంతు తగ్గిందంటే విషయం ముదిరిందన్నమాట. "తెరమీదున్నాయన వీళ్ళ పెద్ద. మైకుకీ మరమేకుకీ తేడా తెలీదట పాపం! అన్నీ అర్థమైనట్టు తల మాత్రం తెగ ఊపుతాడట."

"అయ్యో, అచ్చం మా ఆయనేనండీ!"

తెరమీద ఊగుతున్న తల ఠక్కున ఆగింది.

హెడ్‌ఫోన్‌లో అదంతా విన్న ఇంజనీరు మొహం పాలిపోయింది. వరసగా పేర్చిన మైకులకు ముందేదో వెనకేదో తెలియదు. సూటిగా వచ్చిన శబ్దం ఎటువైపుదైనా అన్నింటినీ ఒకేసారి తాకుతుంది. అది పుస్తకంలో మొదటి పాఠం. కంగారులో అదీ తోచక, పక్కలనుంచే గోల దూరుతోందనుకుని పరికరానికి ఇంకాస్త పదును పెట్టాడు. టీవీ మాయమైంది. మిక్సీ మాయమైంది. నీటి సరఫరా, అత్తగారూ మిగిలారు.

గట్టిగా చదవమని భార్యకు సైగ చేశాడు. ఆవిడ అరిచింది. ఆ అరుపును మించాలని అత్తగారూ అందుకున్నారు.

"రేపటినుంచి పైపులైను మరమ్మతులు..."

"...కిందటి మీటింగులో కళ్ళు తెరుచుకునే గురక పెట్టాడట!"

"...ప్రజలు సహకరించాలని అధికారులు కోరారు."

"ఆపండి," అన్నారు డైరెక్టరుగారు. ఇంజనీరు చెయ్యెత్తగానే మామగారు మిక్సీ, టీవీ కట్టేశారు. "ఆ రెండో గొంతు ఎవరిది?"

"మా... మా అమ్మ సార్. పెద్దావిడ, ఏదో..."

"ఎంత దూరంలో ఉన్నారు?"

"నాలుగు మీటర్లుంటుంది సార్."

"మొదట్లో గుసగుసే కదూ? అవతల టీవీ, మిక్సీ మోగుతుండగానే?"

"అవును సార్," అన్నాడు ఇంజనీరు, ఊరూరా తిరగడానికి పెట్టె సర్దుకుంటున్న గొంతుతో.

"మీటింగు బల్లకు రెండు వైపులవాళ్ళూ వినపడాలంటే రెండు పరికరాలు కావాలని అందరూ నా ప్రాణం తీస్తున్నారయ్యా. నువ్వు ఒక్కదానితో రెండు వైపులా వినిపించావు! బల్ల నడుమ పెడితే సరి. కానివ్వు." తెర ఆర్పబోతూ ఆగారు. "అమ్మగారితో చెప్పు. అది గురక కాదు, దీర్ఘాలోచన."

ఇదంతా తాను ముందే అనుకున్నట్టు ఇంజనీరు కాలరు సర్దుకున్నాడు. "నేను నోరు విప్పబట్టి గట్టెక్కావురా!" అన్నారు అత్తగారు.

ఆ కడ్డీ ఇంకా హాల్లోనే ఉంది. అత్తాకోడళ్ళు మాత్రం ఏం మాట్లాడుకోవాలన్నా దానికి పక్కగా నిలబడుతున్నారు.