కాకెత్తుకుపోయిన పళ్ళతీగ

భార్య చెంచమ్మ సంవత్సరీకం నాడు జయరామయ్య అనుకున్న పని సులువైనదే. కాకికి ముద్ద పెట్టాలి. అది ముట్టాక తాము తినాలి. మధ్యాహ్నం బస్సుకు కూతురు మస్తానమ్మను తీసుకుని చిట్టమూరు నుంచి గూడూరు వెళ్ళి, మద్రాసు రైలెక్కాలి. అక్కడి పళ్ళడాక్టరు పిల్ల పళ్ళకు వేసిన తీగను మరికాస్త బిగిస్తాడు.

మస్తానమ్మకు తల్లి ఎత్తుపళ్ళే వచ్చాయి. చెంచమ్మ ఏనాడూ నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. పిల్లను మద్రాసు తీసుకెళ్ళిందీ ఆమే. "నీకైతే ముందుపళ్ళు పీకేసి కట్టుడుపళ్ళు పెట్టాలమ్మా. పిల్లకు ఎముక లేతది, తీగతో వెనక్కి నెట్టొచ్చు" అన్నాడు డాక్టరు. "నా పళ్ళు నాతోనే పోనీండి. పిల్లకు చూడండి" అన్నది. తీగ చేయించే లోపల మంచాన పడింది. పిల్లకు పళ్ళు సరిచేయిస్తావా అని మొగుణ్ణి అడిగింది. చేయిస్తానన్నాడు. మళ్ళీ అడిగింది. ఒకసారి చెబితే చాలదా అని విసుక్కున్నాడు. తెల్లారేసరికి పోయింది.

ఆ తర్వాత తీగ చేయించాడు. అంగిటికి అతుక్కునే గులాబిరంగు రేకు, ముందుపళ్ళ మీదుగా ఒక సన్నని తీగ. తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవాలి.

పెరటి గోడ మీద ఆకులో ముద్ద, దాని మీద గారె పెట్టారు. కాకి మునగకొమ్మ మీద వాలింది. దిగలేదు.

"దాని మనసులో ఏందో ఉండాదిరా. మళ్ళీ పెళ్ళి చేసుకోనని చెప్పు" అన్నది అక్క పిచ్చమ్మ.

"ఇప్పుడెవరు చేసుకుంటా ఉండారక్కా?"

"నాకు కాదు, కాకికి చెప్పు."

చెప్పాడు. కాకి మెడ అటు తిప్పుకుంది.

"అటక మీది ఇత్తడి బిందె నాకిస్తానన్నది పాపం. అదేనేమో."

"తీసుకోక్కా."

కాకి కదల్లేదు. పక్క పొలం రంగనాయకులు గోడ అవతల నుంచి తల ఎత్తాడు. "మా మడికి ముందు నీళ్ళు వదలమని నీతో చెప్పాలనుకునింది వదిన."

"నీకెప్పుడు చెప్పింది? నీతో మాట్లాడేదే కాదు గదా."

"అందుకే మనసులో ఉండిపోయింది."

నీళ్ళూ వదులుకున్నాడు. చెంచమ్మ బతికుండగా నీకేం కావాలని అడిగినవాళ్ళు ఆ పెరట్లో ఒక్కరూ లేరు. రోడ్డు మీద బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు కాకి దిగింది. అందరూ చేతులు జోడించారు. అది ముద్దను దాటి గెంతి, ఆకు పక్కన మెరుస్తున్న పళ్ళతీగను ముక్కున కరుచుకుని తాటిచెట్టు తలలోని గూటికి ఎగిరిపోయింది.

రంగనాయకులు మట్టిగడ్డ ఎత్తాడు. పిచ్చమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "మా మరదలి మీదికే విసురుతావా?"

"అది కాకి గదక్కా."

"ఇందాక నీళ్ళు ఎవర్ని అడిగినావు మరి?"

గడ్డ కింద పడేశాడు. పిచ్చమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "తన పోలిక చెరపొద్దంటా ఉండాది. ఇంక తీగలొద్దు, మద్రాసొద్దు."

జయరామయ్య కూతురి మీద పడ్డాడు. "అక్కడెందుకు పెట్టినావే? ముద్ద ముట్టకముందే తిండికి తొందరా?"

మస్తానమ్మ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆకలై తియ్యలా నాయనా. అమ్మ వస్తాదన్నారు గదా. చూస్తాదని పెట్టినా."

జయరామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. తాటిచెట్టు కిందికి వెళ్ళి తల ఎత్తి నిలబడ్డాడు.

"చేయిస్తానన్నాను గదా" అన్నాడు. "ఇంకోటి చేయిస్తాను. పిల్లకు పళ్ళు సరిచేయిస్తాను."

కాకి గోడ మీదికి దిగింది. గారె తిన్నది, ముద్దా తిన్నది.

"నేను మొదట్నించీ అదే చెప్తా ఉండా" అన్నది పిచ్చమ్మ, బిందె చంకన పెట్టుకుని.

చెంచమ్మకు మొగుడి మాట మీద ఎప్పుడూ రెండోసారికి గాని నమ్మకం కుదిరేది కాదు.